ఒకే పేరు కింద దాగిన జబ్బులు

ఎండోమెట్రియోసిస్ ఉన్న స్త్రీకి అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువా? ఈ ప్రశ్నకు నూరేళ్ల చరిత్ర ఉంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో పనిచేసిన జాన్ ఆల్బర్ట్‌సన్ శాంప్సన్ అనే సర్జన్, ఆ జబ్బు పొరలోంచే క్యాన్సర్ పుట్టగలదని 1925లోనే చెప్పాడు. ఆ మాట అంకెల్లోనూ జన్యువుల్లోనూ గట్టిగా నిలబడేసరికి 2010 దాటింది. ఇంత ఆలస్యం ఎందుకైందని అడిగితే, ఆ రోజుల్లో తగిన పరికరాలు లేవనీ, ఆడవాళ్ల నొప్పిని ఎవరూ పట్టించుకోలేదనీ చెబుతారు. రెండూ నిజమే. కానీ ఈ చరిత్రను వరసగా చదువుకుంటూ వస్తే వాటికన్నా బలమైన మూడో కారణం ఒకటి బయటపడుతుంది. పుట్టుకలోనూ నడతలోనూ పొంతన లేని అనేక జబ్బుల్ని 'అండాశయ క్యాన్సర్' అనే ఒక్క పేరు కింద కుప్పపోసి లెక్కపెట్టడమే ఆ కారణం. విడదీసి చూసిన ప్రతిసారీ ఎండోమెట్రియోసిస్‌తో సంబంధం స్పష్టంగా కనబడింది. కలిపి లెక్కించిన ప్రతిసారీ మసకబారింది. వైద్యులు ఏం చూశారన్నదానికన్నా, చూసినదాన్ని ఏ వర్గంలో రాసుకున్నారన్నదే ఈ కథ నడకను శాసించింది. ఈ మాట చరిత్రకు ఎంత వర్తిస్తుందో, ఇవాళ సిస్టు ఉందని తెలిసి బెంగపడే స్త్రీకి మనం చెప్పే జవాబుకూ అంతే వర్తిస్తుంది.

ముందుగా జబ్బు గురించి. గర్భసంచి లోపలి పొరను ఎండోమెట్రియం అంటారు. అది నెలనెలా మందమవుతుంది, గర్భం రాకపోతే రాలి నెత్తురుతో పాటు బయటికి పోతుంది. అలాంటి పొరే గర్భసంచి బయట, అంటే అండాశయం మీదో, పేగుల మీదో, గర్భసంచికీ పెద్దపేగుకూ మధ్య సందులోనో పెరిగితే అది ఎండోమెట్రియోసిస్. అక్కడ కూడా ఆ పొర నెలసరి హార్మోన్లకు స్పందిస్తుంది, రక్తం కారుస్తుంది. ఆ రక్తానికి బయటికి పోయే దారి ఉండదు. దాంతో వాపు వస్తుంది, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, నెలసరి రోజులు భరించలేని నొప్పితో గడుస్తాయి, కొందరికి గర్భం నిలవడం కష్టమవుతుంది. పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి, అంటే ప్రపంచం మొత్తం మీద సుమారు 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వియన్నాలో కార్ల్ వాన్ రొకిటాన్‌స్కీ 1860లోనే గర్భసంచి గ్రంథులతో కూడిన గడ్డల్ని వర్ణించాడు. 1899లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో విలియం వుడ్ రసెల్ ఒక అండాశయాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో అచ్చం గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం ఉందని రాశాడు. అప్పటికి అదొక వింత. అదొక జబ్బని, చాలామందిలో ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

వింతను జబ్బుగా గుర్తించినవాడు శాంప్సన్. 1873లో పుట్టి, జాన్స్ హాప్కిన్స్‌లోనే వైద్యం చదివి, తర్వాత ఆల్బనీలో స్థిరపడి అక్కడి వైద్య కళాశాలలో స్త్రీవ్యాధుల శాస్త్రం బోధించాడు. ఆయన పనితీరే ఆయనకు కలిసొచ్చింది. తాను కోసి తీసిన కణజాలాన్ని తానే సూక్ష్మదర్శిని కింద పరిశీలించేవాడు. నెలసరి రోజుల్లో చేసిన ఆపరేషన్లలో పొత్తికడుపులోని మచ్చలు, సిస్టులు ఎలా ఉన్నాయో జాగ్రత్తగా గమనించాడు. 1921లో అచ్చయిన సుదీర్ఘ పత్రంలో అండాశయపు రక్తపు సిస్టుల్ని ఆయన వర్ణించిన తీరు ఇవాళ్టి సర్జన్లకు కూడా పరిచితంగానే ఉంటుంది. సిస్టు గర్భసంచి వెనకభాగానికి గట్టిగా అతుక్కుని ఉంటుంది. వేళ్లతో విడదీయబోతే పాత అతుకు దగ్గరే చిట్లుతుంది. లోపల్నుంచి నెలల తరబడి నిలవ ఉండి చిక్కబడిన ముదురు గోధుమరంగు రక్తం కారుతుంది. సిస్టు గోడ ఒకచోట ఒరిసిపోయి బోడిగా ఉంటుంది, మరోచోట గ్రంథులతో, వాటిని ఆవరించిన మెత్తటి కణజాలంతో గర్భసంచి లోపలి పొరను తలపిస్తుంది. మన ఊళ్లలో స్కానింగ్ రిపోర్టుల్లో కనబడే 'చాక్లెట్ సిస్టు' ఇదే. నెలసరి రక్తంలో కొంత ఫలోపియన్ ట్యూబుల గుండా వెనక్కి నడిచి పొత్తికడుపులోకి చేరుతుందనీ, దానితో వచ్చిన కణాలే అక్కడ నాటుకుంటాయనీ 1927లో ఆయన వివరించాడు.

ఈ రెండు పత్రాల నడుమ 1925లో వచ్చినదే మన చర్చకు మూలం. శాంప్సన్ తర్కం సూటిగా ఉంటుంది. అండాశయంలో నాటుకున్న పొర గర్భసంచి పొరలాగే నడుచుకుంటే, గర్భసంచి పొరలో పుట్టే క్యాన్సర్ దీనిలోనూ పుట్టవచ్చు. పుట్టిందని నమ్మాలంటే ఆయన మూడు షరతులు పెట్టాడు. ఒకటి, అదే అండాశయంలో మామూలు ఎండోమెట్రియోసిస్, క్యాన్సర్ రెండూ ఉండాలి. రెండు, క్యాన్సర్ కణజాలానికీ ఎండోమెట్రియోసిస్‌కూ నిర్మాణంలో పోలిక ఉండాలి. మూడు, ఆ క్యాన్సర్ మరెక్కడి నుంచో పాకి వచ్చినది కాకూడదు. 1953లో ఆర్.బి. స్కాట్ ఇంకో షరతు చేర్చాడు. మామూలు పొర క్రమంగా మారుతూ క్యాన్సర్‌లో కలిసే చోటు ఒకే స్లైడు మీద కనబడాలన్నాడు. అంటే పక్కపక్కన ఉంటే చాలదు, ఒకదాన్నుంచి మరొకటి పుట్టుకొచ్చిన దారి కంటికి ఆనాలి. ఆధారం లేనిదే మాట అనకూడదన్న నిష్ఠ ఇందులో ఉంది. శాంప్సన్ సిద్ధాంతానికి అప్పట్లో గట్టి ప్రత్యర్థులు ఉన్నారు. జర్మనీలో రాబర్ట్ మేయర్, అమెరికాలో ఎమిల్ నోవాక్ వంటి పేరున్న పండితులు ఈ పొర ట్యూబుల గుండా వచ్చి నాటుకుంటుందంటే ఒప్పుకోలేదు. కడుపు లోపలి పొరే అలా రూపం మార్చుకుంటుందని వాదించారు. అలాంటి వాతావరణంలో కఠినమైన షరతులు అవసరమే అయ్యాయి.

కానీ ఆ షరతులే సంబంధాన్ని కొంతవరకు కప్పేశాయి. ఇల్లు మొత్తం కాలిపోయాక నిప్పు ఏ వాసం దగ్గర రాజుకుందో చూపించమంటే ఎవరు చూపగలరు? క్యాన్సర్ కూడా పెరిగేకొద్దీ తాను పుట్టిన పొరను తానే తినేస్తుంది. కణితి పెద్దదై ఆపరేషన్ బల్ల మీదికి వచ్చేసరికి మొదటి ఎండోమెట్రియోసిస్ జాడ మిగలకపోవచ్చు. పైగా చేతికందిన కణితి అంతటినీ స్లైడులుగా కోసి వెతికే తీరిక ఏ ప్రయోగశాలకూ ఉండదు. నాలుగు ముక్కలు తీసి చూస్తారు, వాటిలో దొరక్కపోతే లేదని రాస్తారు. అలా స్కాట్ షరతు దాకా నెగ్గిన కేసులు కొద్దిగానే పోగయ్యాయి. పుస్తకాల్లో దీన్ని అరుదైన విషయంగా రాసుకున్నారు. అరుదు అని రాసిన తర్వాత వెతికేవాళ్లూ తగ్గారు. దీన్నిబట్టి షరతులు తప్పనడం సరికాదు. ఒక్కొక్క కేసులో పుట్టుకను నిరూపించడానికి పెట్టిన షరతును, ఎంతమందిలో ఈ సంబంధం ఉందో కొలవడానికి వాడడం తప్పు. మొదటిది కోర్టులో సాక్ష్యం లాంటి ప్రశ్న, రెండోది జనాభాకు సంబంధించిన ప్రశ్న. ఈ రెంటినీ వేరు చేయడానికి వైద్యానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

ఇంతకన్నా పెద్ద చిక్కు వర్గీకరణలో వచ్చింది. 1939లో వాల్టర్ షిల్లర్ అనే పెథాలజిస్టు అండాశయంలో ఒక విచిత్రమైన కణితిని వర్ణించాడు. లోపల అంతా ఖాళీగా, తెల్లగా కనబడే కణాలు అందులో ఉంటాయి. పిండదశలో మూత్రపిండాలకు ముందు ఏర్పడి మాయమయ్యే అవయవం ఒకటి ఉంటుంది. ఆ అవశేషాల్లోంచే ఈ కణితి పుట్టిందని భావించి దానికి తగ్గట్టు 'మెసోనెఫ్రోమా' అని పేరు పెట్టాడు. చూపులో పొరపాటు లేదు, కణాల వర్ణన సరైనదే. మూలం మాత్రం తప్పు. దాంతో ఇవాళ మనం క్లియర్ సెల్ క్యాన్సర్ అని పిలిచే జబ్బులో ఎక్కువ భాగం మూత్రపిండాల వంశంలోకి వెళ్లి కూర్చుంది. అదే అండాశయంలో పక్కన ఎండోమెట్రియోసిస్ కనబడినా, రెంటికీ చుట్టరికం ఉండవచ్చన్న అనుమానానికి తావే లేకపోయింది. 1967లో బోస్టన్‌కు చెందిన రాబర్ట్ స్కల్లీ, జె.ఎఫ్. బార్లో ఈ కణితుల్ని మళ్లీ పరిశీలించారు. వాటికి ఎండోమెట్రియోసిస్‌తో తరచు సహవాసం ఉందనీ, గర్భసంచి, ట్యూబులు ఏర్పడే ముల్లేరియన్ వంశానికే ఇవి చెందుతాయనీ తేల్చారు. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున వచ్చిన అండాశయ కణితుల వర్గీకరణలో క్లియర్ సెల్, ఎండోమెట్రియాయిడ్, సీరస్, మ్యూసినస్ రకాలకు వేర్వేరు గదులు ఏర్పడ్డాయి. ఈ గదులు కట్టాకే అసలు లెక్క మొదలైంది.

లెక్కలు ఏం చెప్పాయో చూడాలి. 1993లో మిలాన్‌కు చెందిన పావొలో వెర్చెల్లీని బృందం అండాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న స్త్రీల రికార్డుల్ని రకాలవారీగా విడదీసింది. ఎండోమెట్రియాయిడ్, క్లియర్ సెల్ రకాలలో అయిదింట ఒకరికి పైగా ఎండోమెట్రియోసిస్ కనబడింది. సీరస్ రకంలో అది 5 శాతం కూడా లేదు. 1997లో స్వీడన్ నుంచి మరో తరహా ఆధారం వచ్చింది. ఆ దేశంలో 1958 నుంచి జాతీయ క్యాన్సర్ రిజిస్టరు, 1964 నుంచి ఆస్పత్రి చేరికల రిజిస్టరు నడుస్తున్నాయి. ఎండోమెట్రియోసిస్‌తో ఆస్పత్రిలో చేరిన 20,686 మంది స్త్రీల వివరాల్ని క్యాన్సర్ రిజిస్టరుతో జతపరిస్తే, అండాశయ క్యాన్సర్ మామూలుకన్నా 1.9 రెట్లు ఎక్కువగా తేలింది. జబ్బు అండాశయంలోనే చాలాకాలంగా ఉన్నవారిలో అది 4 రెట్లు దాటింది. ఇక్కడ ఎండోమెట్రియోసిస్ ముందు నమోదైంది, క్యాన్సర్ తర్వాత వచ్చింది. క్యాన్సర్ ఆపరేషన్‌లో అనుకోకుండా కనబడిన ఎండోమెట్రియోసిస్‌ను లెక్కలోకి తీసుకుని సంబంధం ఉందంటున్నారన్న అభ్యంతరానికి ఈ వరస సరైన జవాబు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది. ఎండోమెట్రియోసిస్ అంత సాధారణమైన జబ్బు అయినప్పుడు రెండూ ఒకే మనిషిలో కలవడం కాకతాళీయం కావచ్చు. లేదా ఈ స్త్రీలు నొప్పితో పదేపదే డాక్టరు దగ్గరికి వెళ్తారు, స్కానింగులు ఎక్కువ జరుగుతాయి, అందుకే క్యాన్సర్లు ఎక్కువగా బయటపడతాయి. ఈ రెంటినీ పరీక్షించే అవకాశం 2012లో వచ్చింది. 13 అధ్యయనాల్ని ఒకచోట కూర్చి, 7,911 మంది క్యాన్సర్ రోగుల్ని 13,226 మంది ఇతర స్త్రీలతో పోల్చిన విశ్లేషణ 'లాన్సెట్ ఆంకాలజీ'లో వచ్చింది. క్లియర్ సెల్ క్యాన్సర్ అవకాశం దాదాపు 3 రెట్లు, ఎండోమెట్రియాయిడ్, లో గ్రేడ్ సీరస్ రకాలకు సుమారు 2 రెట్లు. అన్నిటికన్నా ఎక్కువమందికి వచ్చే, ఎక్కువమందిని బలిగొనే హై గ్రేడ్ సీరస్ రకంతో మాత్రం చెప్పుకోదగ్గ సంబంధం లేదు. మ్యూసినస్‌తోనూ లేదు. కాకతాళీయమే అయితే, స్కానింగుల ప్రభావమే అయితే, అన్ని రకాలూ సమానంగా పెరగాలి కదా? యంత్రం కణాల జాతి చూసి ఎంచుకోదు. కొన్నిటికే పరిమితమైన ఈ సంబంధమే నా వాదానికి మూలస్తంభం. హై గ్రేడ్ సీరస్ కణితులు ఎక్కువగా అండాశయంలో కాక ఫలోపియన్ ట్యూబు చివరి కుచ్చుల్లో మొదలవుతాయని 2001 తర్వాత నెదర్లాండ్స్‌లోనూ బోస్టన్‌లోనూ జరిగిన పరిశీలనలు చూపాయి. ఆ కణితుల్ని కూడా కలిపి సగటు తీస్తే సగటు పల్చబడక ఏమవుతుంది? అండాశయ క్యాన్సర్ అన్నది ఒక చిరునామా మాత్రమే. అక్కడికి వేర్వేరు ఊళ్ల నుంచి చేరుకున్న జబ్బులకు ఒకే కారణం వెతకడం వల్ల చాలాకాలం వృథా అయింది.

2010లో జన్యుశాస్త్రం ఇచ్చిన సాక్ష్యం నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోస్తుంది. కెనడాలోని వాంకూవర్‌లో డేవిడ్ హంట్స్‌మన్ బృందం ఏఆర్‌ఐడీ1ఏ అనే జన్యువును పరిశీలించింది. కణితి పెరగకుండా అదుపు చేసే జన్యువుల్లో అదొకటి. పరిశీలించిన 119 క్లియర్ సెల్ కణితుల్లో 55 చోట్ల, 33 ఎండోమెట్రియాయిడ్ కణితుల్లో 10 చోట్ల ఆ జన్యువు దెబ్బతిని ఉంది. 76 హై గ్రేడ్ సీరస్ కణితుల్లో ఒక్కదానిలోనూ అలా లేదు. అంతటితో ఆగకుండా ఇద్దరు రోగుల కణజాలాన్ని దగ్గరగా చూశారు. క్యాన్సర్‌ను ఆనుకుని ఉన్న, అప్పటికే రూపం తప్పిన ఎండోమెట్రియోసిస్‌లో కూడా అదే జన్యుదోషం ఉంది. అదే స్త్రీ ఒంట్లో దూరంగా ఉన్న ఎండోమెట్రియోసిస్ మచ్చల్లో లేదు. 1925లో శాంప్సన్, 1953లో స్కాట్ కంటితో వెతికిన మార్పు దారి ఇదే. ఈసారి దాన్ని జన్యువుల అక్షరాల్లో చదివారు. ఒకే స్లైడు మీద మామూలు పొర నుంచి క్యాన్సర్ దాకా నడిచి చూపమన్న పాత షరతు చివరికి నెరవేరింది. కఠినమని మనకు తోచిన షరతే, తగిన పనిముట్టు దొరికిన రోజున అతి గట్టి రుజువైంది. ఆ రోజు రావడానికి కూడా ముందు క్లియర్ సెల్‌నూ సీరస్‌నూ వేరుచేసి పెట్టుకుని ఉండాలి. అన్నిటినీ కలిపి చూసి ఉంటే ఆ జన్యువు అరుదైన మార్పుగానే మిగిలిపోయేది.

ఇక్కడ న్యాయంగా రెండు మాటలు ఒప్పుకోవాలి. జన్యువు దెబ్బతిన్నంత మాత్రాన క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు. 2017లో క్యాన్సర్ ఏమాత్రం లేని, లోతుగా చొచ్చుకుపోయిన ఎండోమెట్రియోసిస్ ఉన్న 24 మంది స్త్రీల కణజాలాన్ని చదివితే 19 మందిలో ఏవో జన్యుమార్పులు కనబడ్డాయి, అయిదుగురిలో క్యాన్సర్‌ను నడిపించే జన్యువుల్లోనే మార్పులున్నాయి. అయినా ఆ రకం ఎండోమెట్రియోసిస్ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. కాబట్టి జన్యుమార్పు ఒక మెట్టు మాత్రమే. అండాశయపు సిస్టులో నిలవ ఉండే పాత రక్తం, అందులోని ఇనుము, ఎడతెగని వాపు మిగతా మెట్లు ఎక్కిస్తాయని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. రెండో మాట, ఈ రెండు జబ్బులకూ కొంత ఉమ్మడి నేల ఉంది. పిల్లలు కలగకపోవడం రెంటిలోనూ కనబడుతుంది. కుటుంబాల ద్వారా వచ్చే జన్యు లక్షణాల్లోనూ ఎండోమెట్రియోసిస్‌కూ క్లియర్ సెల్ క్యాన్సర్‌కూ పోలిక ఉందని 2022లో అచ్చయిన విశ్లేషణ చూపింది. కనుక ఒకటి మరొకదానికి కారణం అన్న మాటను మెత్తగా పలకాలి. కానీ ఉమ్మడి నేల ఉన్నంత మాత్రాన స్లైడు మీద కనబడ్డ దారి చెరిగిపోదు. కొన్నిటికి నేల ఉమ్మడి, కొన్నిటిలో ఒకటి మరొకదాన్ని కన్నది. రెండూ నిజం కావచ్చు.

శాంప్సన్ రెండో వాదానికి, అంటే ట్యూబుల గుండా వెనక్కి ప్రవహించే నెలసరి రక్తానికి, అనుకోని చోటు నుంచి బలం వచ్చింది. పిల్లలు చాలని ట్యూబులు కట్టించుకున్న స్త్రీలలో అండాశయ క్యాన్సర్ తక్కువని చాలాకాలంగా తెలుసు. 2013లో రకాలవారీగా విడదీసి చూస్తే ఆ రక్షణ అన్నిటికీ సమానంగా లేదు. ఎండోమెట్రియాయిడ్, క్లియర్ సెల్ రకాలు దాదాపు సగానికి తగ్గాయి. సీరస్ రకంలో తగ్గుదల స్వల్పం. దారి మూసేస్తే ఏ క్యాన్సర్లు తగ్గాలని శాంప్సన్ సిద్ధాంతం చెబుతుందో అవే తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌కు ఇందులో ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. ఏ రకం క్యాన్సర్ ఎందరికి వస్తోందో మన దగ్గర జాగ్రత్తగా నమోదు చేస్తే, ప్రపంచానికే పనికొచ్చే జవాబు ఇక్కడ దొరకవచ్చు. స్వీడన్‌కు 1997లో జవాబు దొరికింది తెలివితేటల వల్ల కన్నా రిజిస్టర్ల వల్ల. మనకూ క్యాన్సర్ రిజిస్టర్లు ఉన్నాయి గానీ, ఆస్పత్రి చేరికలన్నిటినీ వాటితో ముడివేసే ఏర్పాటు దేశమంతటికీ లేదు.

చివరి అభ్యంతరం శాస్త్రానిది కాదు, మనుషులది. ఈ సంబంధం గురించి గట్టిగా మాట్లాడితే ఎండోమెట్రియోసిస్ ఉన్న లక్షలాది స్త్రీలు హడలిపోరా? ఆ భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్లు ఉండరా? ఇది ఊహించుకున్న భయం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గరగా, తెలంగాణలో 8 శాతానికి దగ్గరగా ఉన్నారు. 'క్యాన్సర్ వస్తుందేమో, తీసేయిద్దాం' అన్న మాట మన పల్లెల్లో ఎందరి జీవితాలను మార్చిందో తెలిసినవాళ్లు ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేరు. నలభై ఏళ్లు నిండకముందే అండాశయాలు కూడా పోతే ఎముకలు బోలుబారడం, గుండెజబ్బుల ముప్పు పెరగడం వంటివి మీద పడతాయి. కానీ ఈ భయానికి మందు మౌనంలో లేదు, ఖచ్చితమైన లెక్కలో ఉంది. మామూలు స్త్రీకి జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 1.3 దాకా ఉంటే, ఎండోమెట్రియోసిస్ ఉన్నవారికి అది 2 లోపే. అంటే నూటికి 98 మందికి ఆ క్యాన్సర్ ఎన్నటికీ రాదు. 'రెండు రెట్లు' అన్న మాట ఒక్కటే వినిపించి ఈ అంకెను దాచడం కూడా ఒక రకం కుప్పపోసిన లెక్కే.

పేరును విడదీయడం వల్ల భయం పెరగకపోగా చిన్నదవుతుంది. 2024లో అమెరికాలోని యూటా రాష్ట్రం నుంచి వచ్చిన అధ్యయనం ఈసారి రెండో పేరును, ఎండోమెట్రియోసిస్‌నే, రకాలుగా విడదీసింది. జబ్బు ఉన్న 78,893 మంది రికార్డుల్ని జబ్బు లేని స్త్రీలతో పోలిస్తే మొత్తం మీద ముప్పు 4 రెట్ల పైచిలుకు. లోతుగా చొచ్చుకున్న రకం గానీ, అండాశయపు సిస్టు గానీ, రెండూ గానీ ఉన్నవారిలో అది 9 రెట్లు దాటింది. వినడానికి గుండె జారే అంకెలే. కానీ మనుషుల లెక్కలో ఎండోమెట్రియోసిస్ ఉన్న 10,000 మందికి సుమారు 10 క్యాన్సర్లు అదనం. జపాన్‌లోని షిజువోకాలో చాక్లెట్ సిస్టులున్న 6,398 మందిని ఏళ్ల తరబడి గమనించిన కొబయాషి బృందం 2007లో 46 క్యాన్సర్లు, అంటే 0.7 శాతం, నమోదు చేసింది. వయసు మళ్లినవారిలో, సిస్టు 9 సెంటీమీటర్లు దాటినవారిలో ముప్పు ఎక్కువగా ఉంది. క్లియర్ సెల్ రకం పాశ్చాత్య దేశాలకన్నా చాలా ఎక్కువగా, అండాశయ క్యాన్సర్లలో దాదాపు నాలుగో వంతుగా కనబడే దేశం కాబట్టి జపాన్ ఈ ప్రశ్నను ముందు నుంచీ పట్టించుకుంది. చిన్న సిస్టున్న ముప్పై ఏళ్ల స్త్రీకీ, ఏళ్లుగా ఉన్న పెద్ద సిస్టు వేగంగా పెరుగుతున్న యాభై ఏళ్ల స్త్రీకీ ఒకే మాట చెప్పడం ఇకమీదట అన్యాయం.

అందరికీ ఏటేటా రక్తపరీక్ష, స్కానింగు చేస్తే సరిపోదా అని అడగవచ్చు. ఇక్కడా కలిపికొట్టే పద్ధతి పనిచేయదని తేలింది. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా స్త్రీలతో జరిగి, 2021లో తుది ఫలితాలు వెలువడిన పరీక్షలో అలాంటి సామూహిక గాలింపు వల్ల మరణాలు తగ్గలేదు. పైగా ఆ రక్తపరీక్షలో కొలిచే సీఏ 125 ఎండోమెట్రియోసిస్ వల్లనే పెరుగుతుంది, క్యాన్సర్ లేకపోయినా కంగారు పెడుతుంది. పనికొచ్చేది వేరు. సిస్టు లోపలి గోడ మీద రక్తప్రసరణ ఉన్న గట్టి బుడిపె కనబడితే, సిస్టు త్వరగా పెరిగితే, నెలసరి ఆగిపోయిన తర్వాత నొప్పి మళ్లీ మొదలైతే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. ఇంట్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్ల చరిత్ర ఉంటే డాక్టరుకు చెప్పాలి. తీసిన ప్రతి సిస్టునూ పెథాలజీకి పంపాలి. ఆ రిపోర్టును రోగి తన దగ్గర భద్రపరచుకోవాలి. గర్భనిరోధక మాత్రలు అండాశయ క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయనీ, అవే ఎండోమెట్రియోసిస్ నొప్పికి కూడా వాడతారనీ తెలిసినప్పుడు, ఎవరికి తగునో ఎవరికి తగదో డాక్టరుతో కూర్చుని తేల్చుకోవచ్చు. అవయవాన్ని తీసేయాలా అన్న ప్రశ్న వీటన్నిటి తర్వాత, ఆ ఒక్క మనిషి వయసునూ కోరికలనూ రిపోర్టులనూ ముందు పెట్టుకుని అడగవలసినది.

ఈ నూరేళ్ల కథలో ఎవరూ గుడ్డివాళ్లు కారు. రసెల్ సరిగ్గానే చూశాడు, శాంప్సన్ సరిగ్గానే చూశాడు, మూలం తప్పుగా అనుకున్న షిల్లర్ కూడా కణాల్ని సరిగ్గానే చూశాడు. చూసినదాన్ని ఏ పేరు కింద రాయాలన్న దగ్గరే దారి తప్పింది. ఆ తప్పు సరిదిద్దుకున్న ప్రతి మలుపులోనూ, 1967లో, 1973లో, 1993లో, 2010లో, 2024లో, జ్ఞానం ఒక అడుగు ముందుకు వేసింది. కనుక 'ఎండోమెట్రియోసిస్ క్యాన్సర్‌గా మారుతుందా' అని ఇకమీదట అడగకూడదు. ఏ ఎండోమెట్రియోసిస్, ఏ క్యాన్సర్, ఏ వయసులో, వెయ్యి మందిలో ఎందరికి అని అడగాలి. ఇలా అడగడం డాక్టర్ల పని మాత్రమే అనుకోవద్దు. రిపోర్టు చేతిలో పట్టుకున్న ప్రతి స్త్రీకీ ఆ నాలుగు ప్రశ్నలూ అడిగే హక్కు ఉంది, నాలుగింటికీ జవాబు చెప్పకుండా ఎవరూ ఆమెను ఆపరేషన్ బల్ల ఎక్కించకూడదు, అలాగే ఆమె నొప్పిని మామూలేనని ఇంటికి పంపించకూడదు.